తాగునీటి ఒడ్డు, సాగునీటి ఒడ్డు

మా ఊరు పెన్‌గంగ ఒడ్డున ఉంటుంది. ఆదిలాబాద్ నుంచి వచ్చే బస్సు దిగి పత్తి చేల నడుమ కాస్త దూరం నడవాలి. మేము గంగపుత్రులం. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటాం. బాపు వల వేసేవాడు. ఎగువన వంతెన కట్టకముందు పడవ కూడా నడిపాడు. నదికి ఇవతల మా తెలుగు, అవతల మరాఠీ అని పటంలో గీత ఉంటుంది గానీ, మా ఊరి బడే మరాఠీ మీడియం. ఏడో తరగతి దాకా నేను అందులోనే చదివాను. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, చేపల బేరం దగ్గర రెండూ కలిసిన భాష.

అక్కను అవతలి ఒడ్డుకే ఇచ్చారు. మా ఇంటి వెనక నిలబడితే వాళ్ల ఊరు కనిపిస్తుంది. అవ్వ ఆ సంబంధానికి ఒప్పుకున్నది కూడా అందుకే. "పొద్దున లేస్తే బిడ్డ పొయ్యి పొగ కనవడుతది, ఇంకేం గావాలె నాకు" అనేది.

బావ అట్టల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గడ్డినీ పాత కాగితాలనూ మందు కలిపి పెద్ద పెద్ద తొట్లలో ఉడికించి, అట్టపెట్టెలకు పనికొచ్చే దళసరి కాగితం చేసే చోటు అది. అవతలి రాష్ట్రంలో, ఒక వాగు పక్కన ఉండేది. ఆ వాగు మా ఊరికి కొంచెం ఎగువన పెన్‌గంగలో కలుస్తుంది. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో వాగు నీళ్లు డికాషన్ రంగులో వచ్చాయి. తర్వాత నురగ వచ్చింది. వాసన కూడా వచ్చేది. మురిగిన గుడ్డు వాసన అని అందరూ అంటారు గానీ, నాకు మాత్రం ఎక్కడో లోపల తలుపులు మూసి ఏదో ఉడకబెడుతున్న వాసనలా ఉండేది.

చేపలు మొదటిసారి తేలిన ఉదయం నేను ఊళ్లోనే ఉన్నాను. అప్పటికి బోథ్‌లో టీచరుగా చేరాను, వేసవి సెలవులకు వచ్చాను. "చేపలు తేలినయి, తట్టలు తేండ్రి" అని వీధిలో ఎవరో అరుచుకుంటూ పరుగెత్తారు. అందరితో పాటు నేనూ పోయాను. చేపలు ఇంకా చావలేదు. తోకలు కిందికి, మూతులు పైకి పెట్టి నీళ్లలో నిలువుగా నిలబడ్డాయి. ఒడ్డు పొడుగునా నోళ్లే. తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. వంగి చెవి పెడితే సన్నని చప్పుడు, పసిపిల్ల పాలు తాగేటప్పటి చప్పుడు. జనం నవ్వుతూ వాటిని చేతులతో ఎత్తి తట్టల్లో వేసుకుంటున్నారు. జన్మంతా వల వేసి బతికిన బాపు మాత్రం నీళ్లలో కాలు పెట్టలేదు.

"ముట్టకుండ్రి" అన్నాడు. ఎవరూ వినలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాడు. "చేప దానంతల అదే చేతిలకొచ్చిందంటే గది ఇచ్చుడు గాదురా, అడుగుడు."

పొద్దెక్కేసరికి ఆ నోళ్లన్నీ ఆగిపోయాయి. తెల్లని పొట్టలు పైకి తిరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. మా వంటింట్లో నల్లా విప్పినప్పుడు నీళ్లకు ముందు గాలి వస్తుంది, గుక్కపట్టినట్టు చప్పుడు చేస్తుంది. బిందె అక్కడే వదిలేసి ఒక్కోసారి నేను అవతలి గదిలోకి వెళ్లిపోతాను.

ఆ వేసవి నుంచే అవ్వ చెలిమెలు జరగడం మొదలైంది. నది ఎండిన చోట ఇసుకలో గుంట తోడితే తేట నీళ్లు ఊరతాయి, దాన్ని చెలిమె అంటాం. మా తాగే నీళ్లు అవే. నీళ్ల ట్యాంకు తర్వాత వచ్చింది గానీ అవ్వకు ఆ నీళ్లు రుచించేవి కావు. ఒక చెలిమెలో గోధుమ రంగు ఊరితే దాన్ని వదిలేసి ఇంకాస్త ఒడ్డు వైపు కొత్తది తోడేది. అదీ రంగు మారితే ఇంకాస్త ఇవతలికి. గట్టు మీద నిలబడి చూస్తే వదిలేసిన గుంటలన్నీ నది నుంచి మా ఇంటి వైపు వరసగా కనిపించేవి. ఒక్కో దాంట్లో గోధుమ రంగు నీళ్లు కదలకుండా ఉండేవి. సాయంత్రం ఆ వైపు చూడటానికి నాకు భయం వేసేది. నది ఒక్కో అడుగే మా ఇంటికి నడిచి వస్తున్నట్టు ఉండేది.

బాపు, చేపల సంఘం వాళ్లు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగారు. మనవాళ్లు అవతలి రాష్ట్రానికి రాశారు, వాళ్లు తిరిగి రాశారు. అలా కొన్నేళ్లు గడిచాక రెండు రాష్ట్రాల అధికారులూ కలిసి నదిని చూడటానికి ఒప్పుకున్నారు. మా ఒడ్డున షామియానా వేశారు. ఊరివాళ్లది తెలుగు, అవతలి నుంచి వచ్చిన కార్మికులది మరాఠీ. తహసీల్దారు నన్ను పిలిపించి, "టీచరమ్మా, రెండు భాషలు వచ్చినోళ్లు గీ చుట్టుపక్కల మీరే ఉన్నరు. వాళ్లది వీళ్లకు, వీళ్లది వాళ్లకు జర చెప్పాలె" అన్నాడు. సరేనన్నాను. ఆ రెండు గుంపుల్లోనూ మా ఇంటివాళ్లు ఉన్నారని ఆయనకు తెలియదు.

నీళ్లు ఎక్కడ పట్టాలన్న దగ్గరే మొదటి గొడవ మొదలైంది. వాగు కలిసే చోటే సీసా ముంచాలని మనవాళ్లు. నది మధ్యకు పోయి, అంతా కలిసిపోయాక ముంచాలని వాళ్లు. సీసాలు దాచే ఐసు డబ్బాలు పట్టుకున్న మనుషులు మోకాలి లోతు నీళ్లలో నిలబడి రెండు వైపులా చూస్తున్నారు. చివరికి రెండు చోట్లా పట్టారు. దాంతో గొడవ తీరలేదు, అసలు సంగతి బయటపడింది. మన లెక్కలో పెన్‌గంగ తాగునీటి నది. వాళ్ల లెక్కలో సాగునీటి నది. అంటే ఒకే సీసాలో నీళ్లు మన ఒడ్డున విషం, వాళ్ల ఒడ్డున నియమానికి లోబడినవి. అవతలి అధికారి ఆ మాట ఎంతో మర్యాదగా చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే మా ఊరివాళ్లు నేనేదో తప్పు చెప్పానన్నట్టు నా మొహంలోకి చూశారు.

ఫ్యాక్టరీ మేనేజరు లేచాడు. శుద్ధి చేసే ప్లాంటు కట్టడం ఒక్కటే కాదు, దానికి రోజూ కరెంటు, మందులు, మనుషులు కావాలన్నాడు. అవతల ఇంకో రాష్ట్రంలో ఇదే అట్ట చేసేవాళ్లకు ఈ ఖర్చు లేదు, వాళ్ల సరుకు చవక, మేమెలా నిలబడాలి అన్నాడు. "మా రాష్ట్రం నియమం మేము దాటలేదు. అంతకన్నా శుభ్రం కావాలని అడిగేది ఇవతలి రాష్ట్రం. అడిగినవాళ్లే ఖర్చు పెట్టుకోవాలి."

మన అధికారికి కోపం వచ్చింది. "చెత్త పోసేది మీరు, ఊడ్చే కూలి మేమియ్యాల్నా?"

"మీ పట్నం మురుగు, మీ నూనె మిల్లుల నీళ్లు ఇదే నదిలోకి రావడం లేదా? అవి ఏ ప్లాంటులో కడుగుతున్నారు?" అని అవతలాయన అడిగాడు. మన అధికారి గొంతు సవరించుకుని చేతిలోని కాగితాలు తిరగేశాడు.

అప్పుడు బాపును మాట్లాడమన్నారు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. "సార్లకు దండం. మీ లెక్క నాకు తెల్వది. మా ఇంటామె చెలిమె తోడుతది. ఏడాదికింత గంగకు దూరం జరుపుకుంట వస్తుంది. ఇంకెంత దూరం జరగాల్నో మీరిద్దరు కలిసి ఒక్క మాట చెప్పుండ్రి. గక్కడనే తోడుకుంటం."

ఆ తర్వాత కార్మికుల తరఫున లేచింది బావ. బావకు తెలుగు బాగానే వచ్చు, ఆ రోజు మాత్రం మరాఠీలో మాట్లాడాడు. మామ మొహం చూస్తూ తెలుగులో ఆ మాటలు అనలేకపోయాడేమో. అతను కడుపు సంగతి చెప్పాడు. తాము కూడా ఈ నది ఒడ్డునే పుట్టామన్నాడు. ఫ్యాక్టరీ మూస్తే తమ పిల్లలు ఏ ఊరు పట్టుకుని పోవాలన్నాడు. "కిందివాళ్లకు నీళ్లు కావాలి. నిజమే. మాకు ఆ నీళ్ల పక్కన ఉండే హక్కు కావాలి." నేను అది తెలుగులో చెప్పాను. బాపు మాటలు మరాఠీలో చెప్పాను. ఆ పూటంతా నా నోటితోనే బాపు బావ మీద ఫిర్యాదు చేశాడు, నా నోటితోనే బావ బాపును బతిమాలాడు. సభ ముగిసేసరికి నా గొంతు పూర్తిగా పోయింది. ఎన్నో రోజులు నిద్రలో నేను రెండు భాషల్లో మాట్లాడేదాన్నని మా ఆయన చెప్పాడు.

షామియానా విప్పుతుండగా బాపు కార్మికుల గుంపులోకి పోయి బావ చెయ్యి పట్టుకున్నాడు. "ఇంతదూరం వచ్చి తినకుంట పోతవా? నడువు." అక్క కూడా వచ్చింది. అవ్వ జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఎవరూ సభ గురించి మాట్లాడలేదు. బావ రొట్టె తుంచి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి తల ఎత్తకుండానే అన్నాడు.

"మామా, వాగులకు నీళ్లు ఇడిసే గేటు తిప్పేది నేనే."

అక్క కళ్లు మూసుకుంది. అవ్వ పప్పు గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఎరుకే" అన్నాడు బాపు.

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పుడేంది? నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడల్లా నీ చేతులు గా వాసనొస్తయి. తిను, అల్లుడా. సల్లారిపోతుంది."

బావ తిన్నాడు. చెంబు నీళ్లు అందిస్తే తాగే ముందు ఒక్క క్షణం వాటిలోకి చూశాడు. ఏ చెలిమె నీళ్లో అడగలేదు. మేమూ చెప్పలేదు.

కొన్ని నెలలకు, వాగు దగ్గర పట్టిన నీళ్లు వాళ్ల నియమాన్ని కూడా దాటాయని తేలి, అవతలి రాష్ట్రం నుంచే ఫ్యాక్టరీకి ఉత్తర్వు వచ్చింది, ప్లాంటు పెట్టండి, లేదా మూసుకోండి అని. యజమాని మూయడమే మేలనుకున్నాడు. మా ఊళ్లో కొందరు టపాకాయలు కాల్చారు. బాపు ఆ వైపు పోలేదు. ఇంటి వెనక నిలబడి అవతలి ఒడ్డు చూస్తూ ఉన్నాడు.

వానలు పడ్డాక వాగు కడుక్కుపోయింది. నీళ్లు తేటపడ్డాయి. కానీ మా ఇళ్లలో ఏదీ మారలేదు. ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు సైరన్ కూసేది. రెండు ఒడ్లకూ అదే గడియారం. అవ్వ ఆ కూతకే పొయ్యి వెలిగించేది. మూతపడ్డాక కూడా ఆ వేళకు తల ఎత్తి, "కూసింది, విన్నవా?" అనేది. నేను ఏమీ వినలేదని చెప్తే నా వైపు అనుమానంగా చూసేది. ఆమె పెద్దదవుతోంది, అంతే అనుకున్నాను. కానీ ఒకసారి అక్క ఇంటికి పోయి కూర్చున్నప్పుడు, సరిగ్గా ఆ వేళకే, బావ మంచం మీంచి లేచి చొక్కా వేసుకోబోయాడు. గుండీ పెడుతూ ఆగి, గుండీ తీసి, మళ్లీ పడుకున్నాడు. అక్క నా వైపు చూసి గొంతు తగ్గించి, "రోజూ గింతే" అంది.

బాపు వల వేశాడు. చేపలు మెల్లగా తిరిగి వచ్చాయి, చిన్నవి. పట్టినవాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు, మళ్లీ నీళ్లలో వేసేవాడు. "ఇప్పుడు బాగనే ఉన్నయి గదా బాపు" అంటే, "నీళ్లు తేటగనే ఉన్నయి బిడ్డా, నాకే ఒప్పుతలేదు" అనేవాడు. అవ్వ చెలిమె తోడేది, నీళ్లు చూసేది, పారబోసేది, ట్యాంకు నీళ్లు పట్టుకొచ్చేది.

ఆ తర్వాత జరిగిందాన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. అదే ఫ్యాక్టరీ మా ఒడ్డుకు వస్తుందన్నారు. మన రాష్ట్రం స్థలం చూపిస్తుందట, కరెంటు తగ్గించి ఇస్తుందట. మా ఊరి బడి మైదానంలో జనాన్ని పిలిచి అభిప్రాయం అడిగారు. షామియానాలో తాగునీటి నది అని వాదించిన పక్షం వాళ్లే ఇప్పుడు, శుద్ధి చేసిన నీళ్లు సాగుకు పనికొస్తాయి, భయం లేదని చెప్పారు. నేను వెనక వరసలో ఉన్నాను. ఈసారి నా అవసరం ఎవరికీ పడలేదు, అందరిదీ ఒకే భాష.

దుబాయి నుంచి తిరిగొచ్చినవాళ్లు ముందుగా లేచారు. "ఎండల గోడలు కట్టి నడుములు పోయినయి. ఇంటికాడ పని దొరుకుతదంటే వద్దనుడేంది?" అన్నాడు ఒకాయన. తప్పు కాదు. చేపల సంఘంవాళ్లు వద్దన్నారు. అదీ తప్పు కాదు. బావ నది దాటి వచ్చి బాపు పక్కనే కూర్చున్నాడు. ఫ్యాక్టరీ ఇటు వస్తే పని తెలిసినవాడికి పని ఉంటుంది, అక్క మా ఊళ్లోనే కాపురం పెడుతుంది. మూతపడ్డప్పటి నుంచి బావ పత్తి ఏరడానికి పోతున్నాడు. మనిషి సగమయ్యాడు.

బాపు వద్దంటాడని ఊరంతా అనుకుంది. అధికారులు కూడా అందుకే ఆయన్ను చివరికి ఉంచారు. ఆయన లేచాడు. తువ్వాల అంచు వేళ్లకు చుట్టుకుంటున్నాడు.

"రానియ్యుండ్రి" అన్నాడు.

మైదానంలో గుసగుసలు లేచాయి. బాపు చెయ్యెత్తాడు.

"రానియ్యుండ్రి. కాని ఒక్కటే అడుగుత. నీళ్లిడిసే గేటు నా అల్లుని చేతికియ్యకుండ్రి. ఇంకెవలకన్న ఇయ్యుండ్రి."

ఎవరో నవ్వారు. నవ్వు అక్కడక్కడా పాకింది. బావ లేచి, జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ, నది వైపు నడిచి పోయాడు. నేను వెనకాలే పోయాను. నీళ్ల అంచున గొంతుక్కూర్చుని చేతులు ముంచి రుద్దుకుంటున్నాడు. పిలిచాను. తిరిగి చూడకుండానే, "వాసన రాదు ఇప్పుడు. ఆయనకు చెప్పు, రాదని" అన్నాడు.

బాపుకు చెప్పాను. "నాకెరుకే" అన్నాడు.

ఫ్యాక్టరీ మా ఒడ్డుకూ రాలేదు. మూడో రాష్ట్రం ఇంకా తక్కువకు స్థలం ఇచ్చిందని, అక్కడి నియమం ఇంకా సులువని విన్నాం. తొట్లు, యంత్రాలు లారీలకెత్తారు. వాటి వెంట పని తెలిసిన మనుషులూ పోయారు. బావ పోతానన్నాడు. అక్క మా ఇంటికి వచ్చి అవ్వ పక్కన కూర్చుని, చెప్పలేక చెప్పలేక చెప్పింది. అవ్వ ఏడవలేదు. వాళ్లు పోయిన మర్నాడు పొద్దున ఇంటి వెనక నిలబడి అవతలి ఒడ్డున పొగ లేని కప్పు వైపు చాలాసేపు చూసి, లోపలికి వచ్చి నన్ను అక్క పేరుతో పిలిచింది. ఇప్పటికీ ఒక్కోసారి అలాగే పిలుస్తుంది. నేను పలుకుతాను.

మొన్న వేసవిలో నేను ఊళ్లో ఉండగా అక్క ఫోన్ చేసింది. అక్కడ కూడా ఒక నది ఉందట, దాని పేరు ఆమెకు నోరు తిరగదు. నీళ్లు రంగు మారుతున్నాయట.

"చెల్లె, ఫ్యాక్టరీ పెద్ద గేటు కాడికి రోజూ ఒక ముసలాయన వస్తడు. కింది ఊరాయన. సీసల నీళ్లు పట్టుకొచ్చి వచ్చిపోయేటోళ్లకు చూపిస్తడు. భాష తెల్వది నాకు. నిలబడుడు సుత బాపు లెక్కనే, ఒక్క కాలు మీద బరువేసి. మొన్న నేను బావకు సద్ది తీస్కపోతుంటే నన్ను చూసి ఏందో అన్నడు. నేను తల వంచుకొని లోపటికి పోయిన."

బాపు పక్కనే ఉన్నాడు, ఫోన్ స్పీకర్లో ఉంది. చెయ్యి చాపి తీసుకున్నాడు.

"అల్లుడు ఏం పని జేస్తుండు బిడ్డా?"

"నీళ్ల గేటు తిప్పుతలేడు బాపు. అడిగి బాయిలర్ కాడికి మార్పించుకున్నడు. గేటుకు ఇంకొకడొచ్చిండు."

బాపు ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "మంచిది" అన్నాడు. తర్వాత, "గా ముసలాయనకు కూసోమని ఇంత పీట ఏసినవా?" అని అడిగాడు.

అటు నుంచి ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"రేపు ఏస్త బాపు" అంది అక్క.

వారం పోయాక మళ్లీ ఫోన్ చేసింది. పీట తీసుకుపోయి పెద్ద గేటు పక్కన నీడలో వేసిందట. ముసలాయన పీట వైపు చూశాడట, అక్క వైపు చూశాడట. కూర్చోలేదట.